నాలుగో పచ్చదీపం

శనివారం పొద్దున దీపం పెట్టాక కృష్ణాబాయి దేవుణ్ణి ఒక్కటే కోరుకుంది. ఇవాళ కారు కొనడానికి వచ్చేవాళ్ల ముందు తన మొగుడి నోరు కాసేపు పడిపోయేలా చూడమని. పూర్తిగా వద్దు. వాళ్లు డబ్బిచ్చి కారు తోలుకుపోయేదాకా చాలు.

ఆమెకు షెడ్డు కావాలి. యరమరస్ కొత్త కరెంటు ప్లాంటు క్యాంటీనుకు సోమవారం నుంచి జొన్నరొట్టెలు చేసి పంపుతానని మాటిచ్చేసింది. క్యాంటీను చూసుకునే మహాంతేశ్ స్వయంగా ఇంటికొచ్చి, "అక్కా, సోమవార బేకే బేకు" అని, సోమవారానికి కావలసిందేనని కన్నడంలో చెప్పి పోయాడు. చేతిసాయానికి సుంకవ్వ, బసవ్వ దొరికారు. పెనాలు వచ్చాయి, పీటలు వచ్చాయి. ఇంట్లో ఉన్న జొన్నలన్నీ నిన్ననే గిర్నీలో ఆడించి డబ్బాలకెత్తింది. ఇక పొయ్యిలు పెట్టడానికి చోటొక్కటే తక్కువ. చోటు లేక కాదు. ఇంటి ముందు రేకుల షెడ్డు ఉంది. అందులో దొరసాని ఉంది.

దొరసాని అంటే ఎర్ర కారు. రెండే సీట్లు, పైన కప్పు లేదు, ముక్కు పొడుగు, నేలకు జానెడెత్తు. ఒకప్పుడు హట్టి బంగారు గనుల్లో పనిచేసిన ఇంగ్లీషు ఇంజినీరు తెప్పించుకున్నదట. ఆయన పోతూ పోతూ రాయచూరు పత్తి సేటుకు అమ్మాడు. సేటు దాన్ని మిల్లు వెనక నిలబెట్టి మరిచిపోయాడు. పత్తిగింజల కుప్ప కింద ఏళ్ల తరబడి పడి ఉన్న దాన్ని హనుమయ్య లాగించి తెచ్చిన రోజున అందులో ఒక కోడి పొదుగుతూ ఉంది. కోడిని కూడా ధరలో కలిపారని ఊళ్లో ఇప్పటికీ నవ్వుతారు.

హనుమయ్య శక్తినగర్ కరెంటు ప్లాంటులో టర్బైన్ ఫిట్టరు. డ్యూటీ దిగి ఇంటికొస్తే రెండో డ్యూటీ దొరసానితో. ఇంజను విప్పాడు, తోమాడు, బిగించాడు. ప్లాంటులో ఏ పైపులో ఏది పారుతుందో తెలిసేలా రంగులు వేస్తారు కదా, అలాగే కారులో పెట్రోలు పైపుకొక రంగు, నీళ్ల పైపుకొక రంగు వేశాడు. సీట్లలో కొత్త పత్తి కూరించాడు. అంతా బాగానే ఉండేది, రేడియేటరు మూతకు ఇత్తడి దొరకక కృష్ణాబాయి పుట్టింటి చెంబు కరిగించకపోయి ఉంటే. ఆ రోజు ఆమె ఒట్టు పెట్టుకుంది. "నా చెంబును మింగిన దాంట్ల నేను కూసుంటనా? చచ్చినా కూసోను" అంది. అప్పటినుంచి ఆ కారు ఎక్కలేదు. కనీసం దాని మీద చెయ్యి వేయలేదు.

రిటైరైన రోజు మెడలో పూలదండ తీయకముందే హనుమయ్య, "షెడ్డు నీదే కృష్ణా. దొరసానిని అమ్మేస్త" అన్నాడు. మాట తప్పే మనిషి కాదు. అమ్మకానికి పెట్టాడు. జనం వచ్చారు. వచ్చినవాళ్లందరికీ కారులో ఉన్న లోపాలు ఒక్కటి వదలకుండా చెప్పి పంపేశాడు. ఒకాయనను పెట్రోలు ఖర్చు చెప్పి జడిపించాడు. ఇంకొకాయనకు, సామాను పాడైతే ఎక్కడా దొరకదనీ, లేతు మిషను మీద తానే తిప్పి చేయాలనీ, తనకేమో నడుము నొప్పనీ చెప్పాడు. సింధనూరు రైసుమిల్లు సావుకారు ముచ్చటపడి వస్తే, "మీ పొట్టకు స్టీరింగ్ తగుల్తది సాబ్" అన్నాడు. ఒక్కటీ అబద్ధం కాదు. అందుకే కృష్ణాబాయికి ఒళ్లు మండేది.

పదకొండు కావస్తుండగా గేటు ముందు ఆటో ఆగింది. ముగ్గురు దిగారు. ముందు దిగిన కుర్రవాడు లోకనాథ్, కొత్త ప్లాంటులో నీళ్లు పరీక్ష చేసే ల్యాబులో ఉద్యోగం. తెల్లచొక్కా ఇస్త్రీ మడతలు కూడా చెరగలేదు. వెనక అతని భార్య రమ్యశ్రీ, సన్నగా వెదురుబద్దలా ఉంది, ముఖంలో ఇష్టం లేదు. ఆ వెనక తండ్రి పున్నయ్య, తుర్విహాళ దగ్గర క్యాంపులో వరి రైతు. కోస్తా నుంచి కాలువ నీళ్లను నమ్ముకుని వచ్చి స్థిరపడిన కుటుంబం వాళ్లది. డబ్బు సంగతి ఫోనులోనే తెగింది. చూసి, నడిపి, తీసుకుపోవడమే మిగిలింది.

లోకనాథ్ షెడ్డు గుమ్మంలో చెప్పులు విడిచాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. చిన్నప్పుడు కాలువ గట్టు మీద ఇలాంటిదే ఒక ఎర్ర కారు పోతుంటే ఊపిరి ఆడనంత దూరం వెంట పరుగెత్తాడట. ఉద్యోగం వచ్చాక తండ్రికి ట్రాక్టరు కొన్నాడు, తల్లికి కళ్ల ఆపరేషన్ చేయించాడు, తమ్ముణ్ణి చదివించాడు. తన కోసం కొనుక్కోవాలని మనసు పడింది ఇదొక్కటే.

'దొరికినవ్ బిడ్డా' అనుకుంది కృష్ణాబాయి.

హనుమయ్య గొంతు సవరించుకున్నాడు. "బాబూ, చదువుకున్నోనివి. నీకెందుకీ పరేషాన్? దీనికి పైన కప్పు లేదు, చూసినవా? వానొస్తే తడుస్తవ్."

"రాయచూరులో వానెక్కడుంది బాబాయిగారూ?"

"ఎండకు మాడుతవ్."

"ఇంట్లో కూర్చున్నా మాడటమే కదండీ."

"బూడిద పడుతది."

"నేను ప్లాంటులోనే పనిచేస్తాను. రోజూ పడేదే."

హనుమయ్య కొంచెం తడబడ్డాడు. ఇంత గట్టి బేరం ఇంతకుముందు తగల్లేదు. కృష్ణాబాయి లోపలికి పోయి ఈ కుర్రవాడి కోసం చాయ్‌లో ఒక చెంచా చక్కెర ఎక్కువ వేసి తెచ్చింది.

పున్నయ్య మాత్రం కారును ఎద్దును చూసినట్టు చూస్తున్నాడు. ముందుకెళ్లి ముక్కు తట్టాడు, వెనక్కెళ్లి తోక తట్టాడు. "ఏవండీ, దీనికి ట్రాలీ తగిలించొచ్చా?"

"ట్రాలీయా?" హనుమయ్య గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

"పోనీ, వెనక సీటేదండీ?"

"లేదు."

"లేకపోవడమేంటి? ఒరే లోకం, మీ అమ్మ ఎక్కడ కూర్చుంటుందిరా? నేనెక్కడ కూర్చుంటాను? మీ తమ్ముడో?"

లోకనాథ్ చాయ్ గ్లాసులోకి చూశాడు. అంతదాకా గోడవైపు చూస్తూ నిలబడ్డ రమ్యశ్రీ మాత్రం మెల్లగా ఇటు తిరిగింది. పెళ్లయినప్పటినుంచి సినిమాకైనా, గుడికైనా, చివరికి చెప్పులు కొనడానికైనా ఇంటిల్లిపాదీ కలిసి ట్రాక్టరు ట్రాలీలోనే పోయారు మరి.

"అంటే పిన్నిగారూ," అని కృష్ణాబాయిని అడిగింది, "ఇందులో ఇద్దరే పడతారా? ఎంత సర్దుకున్నా మూడో మనిషి కుదరదా?"

కృష్ణాబాయికి విషయం అర్థమైంది. "కుదరదు తల్లీ. మూడో మనిషి కాదు, మూడో కోడిపిల్ల గూడ పట్టదు."

"కొనండి," అంది రమ్యశ్రీ మొగుడితో.

బేరం కుదిరిపోయిందనుకుంది కృష్ణాబాయి. మనసులో అప్పుడే మొదటి పొయ్యి కిటికీ దగ్గర పెట్టేసింది. "ఒకసారి నడిపి చూపించయ్యా వాళ్లకు" అంది.

హనుమయ్య పెళ్లాం మాట విన్నట్టుగా బుద్ధిగా వెళ్లి స్టీరింగు ముందు కూర్చున్నాడు. తాళం తిప్పాడు.

ముందర పలక మీద చిన్న పచ్చదీపాలు వెలిగాయి. ఒకటి, రెండు, మూడు. నాలుగోది వెలగలేదు. ఇంజను కిక్కురుమనలేదు.

"ఇవేంటి బాబాయిగారూ?" అన్నాడు లోకనాథ్.

"ప్లాంట్ల టర్బైన్ ఎట్ల కదుల్తది బాబూ? నూనె సరిగుందా, గాలి సరిగుందా, అన్నిటికీ పచ్చదీపం రావాలె. ఒక్కటి తక్కువైనా కదలదు. నడిచేటప్పుడు తక్కువైతే ట్రిప్పు, అంటే దానంతటదే ఆగిపోతది. మిషను మనకంటే ముందు చూసుకోవాలె. అదే పద్ధతి దీనికీ పెట్టిన. తలుపులకొకటి, చేతి బ్రేకుకొకటి, నూనెకొకటి."

"నాలుగోది?"

"అదా..." హనుమయ్య చెవి వెనక గోక్కున్నాడు. "అది జర ఖరాబ్ ఉన్నట్టుంది. చెప్పిన గద, వద్దు బాబూ. ఇట్లనే నడిరోడ్డు మీద నిలబెడతది నిన్ను."

ఆ గొంతులో సంతోషం దాగలేదు. కృష్ణాబాయి చెవులకు అది స్పష్టంగా తగిలింది. ఈ మనిషి ప్రతి ఆదివారం దొరసానిని షికారు తిప్పుతాడు. ఒక్కనాడూ ఆగింది లేదు. ఇవాళే ఎట్లా ఆగుతుంది?

లోకనాథ్ తలుపులు తెరిచి మళ్లీ వేశాడు. బ్రేకు లాగి చూశాడు. తెల్లచొక్కాతోనే వెల్లకిలా పడుకుని కిందకు దూరాడు. బయటికి వచ్చి రమ్యశ్రీని ఎడమ సీటులో కూర్చోబెట్టి, దీపం వైర్లు కదిలించి చూశాడు. దీపం రాలేదు. ఆమె దిగాక తనే కూర్చుని పైకీ కిందికీ ఎగిరాడు. ఎగిరినప్పుడల్లా నాలుగో దీపం మినుకుమని ఆరిపోయింది.

"శకునం బాగోలేదురా," అన్నాడు పున్నయ్య. "దీని డబ్బుతో కోతమిషనులో వాటా వస్తుంది. పద, బస్సు పోతుంది."

లోకనాథ్ చేతులు దులుపుకుంటూ లేచాడు. తలుపు మూయబోయి, మూయలేక, ఆ ఎర్ర రేకు మీద కాసేపు అరచెయ్యి ఉంచాడు. తండ్రి మాటకు ఎదురు చెప్పే అలవాటు లేదు. చెప్పులేసుకోవడానికి వంగాడు.

కృష్ణాబాయికి షెడ్డు కళ్ల ముందే చేజారిపోతోంది. సోమవారం మహాంతేశ్‌కు ఏం చెప్పాలి? సుంకవ్వకు ఏం చెప్పాలి? అన్నిటికన్నా, స్టీరింగు ముందు కూర్చుని మీసాల చాటున నవ్వుకుంటున్న ఈ మనిషిని ఏం చెయ్యాలి?

"తాళం ఇటు తే" అంది.

"ఎందుకే?"

"నేను చూస్త దాని సంగతి. తాళం ఇటు తే అంటున్న."

"నీకేం తెల్సే మిషన్ల సంగతి? ఒద్దు ఒద్దు..."

అతను తాళాన్ని రెండు చేతులతో కప్పేశాడు. అటువైపు నుంచి అందదు. కృష్ణాబాయి ఇటు తిరిగి వచ్చింది, ఎడమ తలుపు తీసింది, కొంగు నడుముకు దోపింది, తాళం అందుకోవడానికి ఎక్కి సీటులో ధబ్బున కూర్చుని తలుపు లాగింది.

నాలుగో దీపం పచ్చగా, నిండుగా వెలిగింది.

తాళం దగ్గర జరిగిన పెనుగులాటలో ఎవరి చెయ్యి తగిలిందో ఏమో, దొరసాని ఒక్కసారి గుర్రుమని, షెడ్డు రేకులు అదిరేలా మోగడం మొదలుపెట్టింది. పున్నయ్య రెండడుగులు వెనక్కి వేశాడు. లోకనాథ్ ఒక కాలికి చెప్పుతో అలాగే ఉండిపోయాడు.

కృష్ణాబాయి దీపం వైపు చూసింది. కిందికి, సీటు వైపు చూసింది. తర్వాత మొగుడి వైపు చూసింది.

ప్రతి ఆదివారం ఈయన షికారుకు పోయేముందు వంటింట్లోంచి జొన్నల సంచి ఎత్తుకుపోయి ఆ సీటులో పెట్టేవాడు. దాని మీద రుబ్బురాయి గుండు కూడా పెట్టేవాడు. బండి ఒకవైపు ఒరగకుండా ఉండటానికేమో అనుకునేది. 'నా జొన్నలకున్న యోగం నాకు లేదు' అని విసుక్కునేది. నిన్న ఆ జొన్నలన్నీ పిండి అయిపోయాయి. ఇవాళ సంచి ఖాళీ.

"ఓ పెద్దమనిషీ," అంది నెమ్మదిగా, "ఈ సీటు కింద ఏముంది?"

"స్ప్రింగు."

"ఎంత బరువుకు అదుముకుంటది అది?"

హనుమయ్య స్టీరింగు మీది లేని దుమ్ము తుడిచాడు.

"సంచి, దాని మీద గుండు. రెండూ కలిపితే ఎవరి బరువయ్యా?"

"నీదే."

"నా బరువు నీకెట్ల తెల్సు? నేను ఎన్నడన్న తక్కెడల కూసున్ననా?"

"స్కూటర్ మీద నువ్వు వెనక ఎక్కినప్పుడు స్ప్రింగు ఎంత కుంగుతదో స్కేలు పెట్టి చూసిన. దాన్నిబట్టి లెక్క."

రమ్యశ్రీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పున్నయ్య పైన రేకుల వైపు చూస్తూ నిలబడ్డాడు. కృష్ణాబాయికి కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ దానితో పాటు ఇంకేదో వచ్చి, రెండూ ఒకదానికొకటి దారివ్వలేదు.

"మొదట నిన్నే తిప్పాలని పెట్టినే దాన్ని," అన్నాడు హనుమయ్య, ఇంజను చప్పుడులో ఆమెకు మాత్రమే వినిపించేలా. "నువ్వు కూసుంటెనే నడవాలె అని. ఇంతల చెంబు లొల్లి వచ్చె. నువ్వు ఎక్కకపోతివి. నేనేం చెయ్యాలె? జొన్నలను తిప్పిన."

ఆమె చీర కుచ్చిళ్లు సర్దుకుని, వచ్చినవాళ్లతో అంది: "చాయ్ తాగుతుండండి. బండి నడుస్తదో లేదో చూసి వస్తం."

ఒట్టు సంగతి అప్పుడు గుర్తొచ్చింది. కూర్చున్నాక ఇంక ఒట్టేమిటి, గట్టుమీద పెట్టింది.

ఊరు దాటి ప్లాంటు రోడ్డెక్కారు. గాలికి కొప్పు వదులైంది. నేల ఇంత దగ్గరగా పరుగెత్తుతుందని ఆమెకు తెలియదు. దూరంగా ప్లాంటు పొగగొట్టం ఒకసారి కుడివైపుకు, ఒకసారి ఎడమవైపుకు జరుగుతోంది. రైలుగేటు పడి ఉంది. బొగ్గు వ్యాగన్లు మెల్లగా పోతున్నాయి. గేటు దగ్గర సైకిలు పట్టుకుని నిలబడ్డ కిరాణా బసన్న కారు వైపు చూసి, కళ్లు నులుముకుని మళ్లీ చూశాడు.

"ఏం హనుమన్నా, ఇయ్యాల సంచి బదులు అక్కనా?"

"నీ దుకాణం తూకాలు చూసుకో పో!" అంది కృష్ణాబాయి. అతనికి ఇంకో రెండు మాటలు తగిలిద్దామని సీటులోంచి కాస్త పైకి లేచింది. ఇంజను టక్కున ఆగిపోయింది.

"లేవకే! ట్రిప్పయితది," అన్నాడు హనుమయ్య.

కూర్చుంది. దీపం వెలిగింది. మళ్లీ తాళం తిప్పాడు.

వ్యాగన్లు పోతూనే ఉన్నాయి. బొగ్గుపొడి గాలిలో తేలి వచ్చి ఎర్ర రేకు మీద వాలుతోంది. హనుమయ్య గుడ్డ తీసి తుడవలేదు. జీవితంలో మొదటిసారేమో.

"మంచిగుందా?" అన్నాడు.

"మంచిగుంది."

"నిజంగా?"

"అబద్ధమెందుకు చెప్పాలె? మస్తు మంచిగుంది."

హనుమయ్య ముఖం వెలిగింది. "అయితే అమ్మొద్దు గద?"

"అమ్ముదాం."

"మంచిగుందంటివి!"

"మంచిగుంది కాబట్టే అమ్ముతున్న. ఖరాబ్ సామాను అమ్మిందని పేరొస్తే రేపు నా రొట్టెలు ఎవరు తింటరయ్యా?" మళ్లీ తనే అంది: "ఆ పిలగాన్ని చూసినవా? పోలేక పోలేక లేచిండు. మిల్లు వెనక దీన్ని చూసినప్పుడు నీ మొఖం గూడ గట్లనే ఉండె. కోడిని గూడ కొనుక్కొస్తివి."

గేటు లేచింది. హనుమయ్య ప్లాంటు గేటు దాకా పోయి కారు తిప్పాడు. వచ్చేటప్పుడు అవసరమైన దానికంటే కొంచెం నెమ్మదిగా నడిపాడు. ఆమె గమనించింది.

వాళ్లు తిరిగి వచ్చేసరికి లోకనాథ్ గేటు బయటే నిలబడి ఉన్నాడు. నాలుగో దీపం వైపు చూపించి నవ్వాడు. "ఆ స్విచ్చొక్కటి తీసెయ్యండి బాబాయిగారూ. మిగతావి ఉంచండి."

"వద్దు వద్దు, తీయొద్దండీ," అంది రమ్యశ్రీ గబగబా. "ఉంచండి. నా బరువుకు మార్చండి. నేనెక్కితేనే కదలాలి."

"ఆఫీసుకెలా వెళ్లాలి నేను?" అన్నాడు లోకనాథ్.

"బస్సులో."

పున్నయ్యకు మొదటిసారి నవ్వొచ్చింది. "సరే, కొనుక్కోరా," అన్నాడు.

హనుమయ్య పానాలు తెచ్చుకుని కింద కూర్చున్నాడు. ఎవరూ తొందర పెట్టలేదు. ఎడమ సీటు ఎత్తి, కింద బిగించిన లావుపాటి స్ప్రింగు విప్పాడు. దాన్ని చొక్కా అంచుతో తుడిచి జేబులో వేసుకున్నాడు. సన్నది ఒకటి వెతికి పెట్టాడు. రమ్యశ్రీని కూర్చోమన్నాడు. నట్టు ఒక్కొక్క చుట్టే వదులు చేస్తూ, దీపం వైపు చూస్తూ, మళ్లీ వదులు చేస్తూ పోయాడు. ఎక్కడో ఒకచోట దీపం వెలిగింది. "అయింది తల్లీ," అన్నాడు. "సన్నబడకు. సన్నబడితే మళ్లీ నా దగ్గరికి రావాలె."

లోకనాథ్ వంగి ఆయన కాళ్లకు మొక్కాడు. కారును అలా కొన్నవాణ్ణి ఆ ఊళ్లో ఎవరూ చూడలేదు.

దొరసాని పోయింది. పున్నయ్యకు కృష్ణాబాయి చేతినిండా రొట్టెలు మూటకట్టి ఇచ్చి బస్సెక్కించింది. తిరిగి వచ్చేసరికి హనుమయ్య ఖాళీ షెడ్డులో, కారు నిలబడ్డ చోట నూనె మరక పక్కన, స్టూలు వేసుకుని కూర్చుని ఉన్నాడు. ఆమె చీపురు తెచ్చింది గానీ, మరక దాకా ఊడ్చి అక్కడ ఆపేసింది.

ఆదివారమంతా షెడ్డులో సుత్తి చప్పుడు. పాత వాషింగ్ మిషన్ మోటారు పెట్టి పిండి పిసికే యంత్రం చేస్తున్నానన్నాడు. సుంకవ్వ చేతులు నొప్పి పుట్టకుండా ఉంటాయి కదా అన్నాడు. ఎన్నడూ లేని ఈ ఉపకారబుద్ధి చూసి కృష్ణాబాయికి అప్పుడే అనుమానం రావలసింది. కానీ మనసు పొయ్యిల మీద ఉంది.

సోమవారం పొద్దున పొయ్యిలు రాజుకున్నాయి. వేడినీళ్లు మరిగాయి. బసవ్వ పెనం పెట్టింది. సుంకవ్వ యంత్రం ముందు పీట మీద కూర్చుని పిండి వేసి, నీళ్లు పోసి, స్విచ్చు నొక్కింది. మోటారు కదల్లేదు. మళ్లీ నొక్కింది.

"ఏన్ ఇదు అక్కా, కరెంటే ఇల్లల్లా!" అంది, కరెంటు లేదేమో అనుకుని.

కృష్ణాబాయి వచ్చి చూసింది. స్విచ్చు పక్కన చిన్న దీపం ఉంది. వెలగలేదు. పీట కింద చూసింది. పీట రెండు పలకలుగా ఉంది. మధ్యలో లావుపాటి స్ప్రింగు.

"లే సుంకవ్వా," అంది.

తను కూర్చుంది. పచ్చదీపం వెలిగింది. మోటారు గిర్రున తిరిగి పిండి పిసకసాగింది. బసవ్వ నోరు తెరిచింది.

"ఓ పెద్దమనిషీ!" అని కృష్ణాబాయి వేసిన కేకకు ఇంట్లో ఎక్కడున్నాడో గానీ హనుమయ్య వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "ఏందిది? నేను లేస్తే ఇది ఆగుతది గద?"

"ఆగాలె. యజమాని లేకుండ మిషను నడవొద్దు. అది పద్ధతి."

"మరి నీళ్లెవరు తేవాలె? పిండెవరు జల్లించాలె? రొట్టెలు మూటగట్టి క్యాంటీనుకు ఎవరు మోయాలె?"

హనుమయ్య ఈ సంగతి ఆలోచించినట్టు లేడు. చెవి వెనక గోక్కున్నాడు. "స్ప్రింగు జర వదులు చేస్త తియ్..."

"దానిమీద చెయ్యి పడితే చూడు." కృష్ణాబాయి పీట మీద ఇంకాస్త కుదురుగా సర్దుకుంది. కాళ్లు చాపుకుంది. "అది గట్లనే ఉండనీ. నేనైతే లేవ. బిందె అటు మూలకుంది. జల్లెడ మేకుకుంది. జల్ది కానీ, మహాంతేశ్ వచ్చే టైమైంది."

సుంకవ్వ, బసవ్వ ముఖాలు చూసుకున్నారు. టర్బైన్ ఫిట్టరు హనుమయ్య లుంగీ ఎగగట్టి, బిందె చంకనెత్తుకుని నల్లా దగ్గరికి బయలుదేరాడు.